చైనా మర్దన వైద్యం త్వేనా: ఎవరు, ఎక్కడ నేర్చుకుంటే మంచిది?

"మేడమ్, త్వేనా నేర్చుకోవాలని ఉంది. చైనా వెళ్లాల్సిందేనా, ఆన్‌లైన్‌లో అయిపోతుందా?" నెలకు ఒకటి రెండుసార్లయినా నాకు ఈ ఫోన్ వస్తుంది. అడిగేవాళ్లలో మూడు రకాల వాళ్లుంటారు. ఫిజియోథెరపీ చదివి, చేతిలో ఇంకో విద్య ఉంటే బాగుంటుందనుకునే పిల్లలు కొందరు. అమెరికాలో ఉంటూ, పిల్లలు బడికెళ్లే వయసొచ్చాక సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకునే అక్కచెల్లెళ్లు కొందరు. అమ్మకు మోకాళ్లు, నాన్నకు నడుము, వాళ్లకు కాస్త ఉపశమనం ఇవ్వగలిగితే చాలనుకునేవాళ్లు మిగతావాళ్లు. అందరికీ ఒకే సమాధానం చెబితే కొందరికి డబ్బు దండగ, ఇంకొందరికి ఏళ్లు దండగ.

నేను విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. 2018లో అయిదు నెలలు షాంఘైలోని ఒక ఆసుపత్రి త్వేనా విభాగంలో నేర్చుకున్నాను. అంతకుముందు ఇక్కడే ఒక రెండు రోజుల వర్క్‌షాప్‌కి డబ్బు కట్టి, ఏమీ నేర్చుకోకుండా తిరిగొచ్చాను. ఆ రెండిటి మధ్య తేడా నా చేతులకు తెలుసు. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఏ కోర్సులో చేరాలన్నా ఒక్క ప్రశ్న అడగండి: అక్కడ నా చేయి పట్టుకుని దిద్దేవాళ్లు ఉన్నారా, రోజుకు ఎంతసేపు దిద్దుతారు? ఫీజు, సర్టిఫికెట్, ఊరు అన్నీ ఆ తర్వాతే.

అసలు త్వేనా అంటే

త్వే అంటే తోయడం, నా అంటే పట్టి ఎత్తడం. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి చాలామంది ట్యూనా అంటారు, త్వేనా అంటేనే అక్కడి ఉచ్చారణకు దగ్గర. దీని పాత పేరు అన్‌మో, అంటే నొక్కడం, రుద్దడం. థాంగ్ రాజవంశం కాలంలోనే, అంటే 7వ శతాబ్దం నాటికే, రాజాస్థాన వైద్యశాలలో అన్‌మోకు విడిగా విభాగం, పాఠం చెప్పే పండితులు ఉండేవారు. త్వేనా అన్న పేరు మింగ్ రాజుల కాలంలో, ముఖ్యంగా పసిపిల్లల మర్దన విషయంలో వాడుకలోకి వచ్చింది. 1956లో చైనా ప్రభుత్వం బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, ఛెంగ్దూల్లో సంప్రదాయ వైద్య కళాశాలలు పెట్టింది. అదే ఏడాది షాంఘైలో త్వేనాకు ప్రత్యేక శిక్షణ తరగతి మొదలైంది. ఇప్పుడక్కడ ఆక్యుపంక్చర్, త్వేనా కలిపి అయిదేళ్ల డిగ్రీగా చదువుతారు.

చైనా వీధుల్లో నడిస్తే అడుగడుగునా మసాజ్ దుకాణాలు కనిపిస్తాయి. వాటిలో చూపు లేనివాళ్లు నడిపేవి కూడా చాలా ఉంటాయి, అదక్కడ తరతరాలుగా వాళ్లకు అన్నం పెడుతున్న వృత్తి. అలసట తీరడానికి వెళ్లే ఈ దుకాణం వేరు, ఆసుపత్రిలో డాక్టర్ చేసే త్వేనా వేరు. మీరు నేర్చుకోబోయేది ఏదో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే రెండిటికీ కోర్సుల పేర్లు ఒకేలా ఉంటాయి.

ఆసుపత్రిలో నేను చూసింది ఇది. పెద్ద హాలు, వరసగా పడకలు, మధ్యలో పల్చటి తెరలు. రోగి బట్టలు విప్పడు, నూనె రాయరు. డాక్టర్ ఒక తెల్లటి గుడ్డ తీసి నొప్పి ఉన్నచోట కప్పి, దాని మీద నుంచే పని చేస్తారు. మనిషికి పదిహేను ఇరవై నిమిషాలు. పది సిట్టింగులను ఒక కోర్సుగా లెక్కపెడతారు. గోడకున్న లైట్ బోర్డు మీద ఎంఆర్ఐ ఫిల్ములు పెట్టి చూస్తారు, నాడి పట్టుకుని నాలుక కూడా చూస్తారు. మెడ పట్టేసినవాళ్లు, భుజం పైకి లేవనివాళ్లు, నడుము డిస్కు జారినవాళ్లు ఎక్కువ.

దీనితో ఏం తగ్గుతుంది, ఏం తగ్గదు అన్నది కూడా తెలుసుకునే చేరాలి. నడుమునొప్పికి మర్దన మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసిన 2015 నాటి కాక్రేన్ సమీక్ష, కొద్దికాలం ఉపశమనం కనిపిస్తోంది గానీ సాక్ష్యం చాలా బలహీనంగా ఉందని తేల్చింది. నాడీమార్గాల్లో 'చీ' అనే ప్రాణశక్తి ప్రవహిస్తుందన్న వివరణను శరీర నిర్మాణ శాస్త్రం నిరూపించలేదు. నేను మాత్రం ఆ మార్గాల పటాన్ని గౌరవంగానే నేర్చుకున్నాను. నడుముకీ వీపుకీ ఏదైనా అయితే మోకాలి వెనక మడతలో ఉండే వేయ్‌జోంగ్ అనే పాయింటును వెతకమని చైనా విద్యార్థులు కంఠతా పట్టే ఒక పాత పద్యపాదం ఉంది. కండరం ఎక్కడ బిగిసిందో వెతకడానికి అలాంటివి నా చేతికి దారి చూపించాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లకు మాత్రం "నొప్పి తగ్గడానికి, కదలిక రావడానికి సాయపడుతుంది, వ్యాయామం మానకండి" అనే చెబుతాను. మధుమేహం తగ్గిస్తుంది, గడ్డలు కరిగిస్తుంది అని చెప్పే కోర్సు కనిపిస్తే ఆ గుమ్మం తొక్కకండి.

బియ్యం సంచి

షాంఘైలో మొదటి మూడు వారాలు నన్ను రోగి ఒంటిమీద చెయ్యి వేయనివ్వలేదు. చేతికి ఒక బియ్యం సంచి ఇచ్చారు. మందపాటి నూలుగుడ్డ, జానెడు పొడవు, రెండు బెత్తెల వెడల్పు, లోపల బియ్యం. మూతి బిగించి కట్టి బల్ల మీద పెట్టి, "గున్‌ఫా చెయ్" అన్నారు.

గున్‌ఫా అంటే దొర్లించడం. 1940ల్లో షాంఘైలో డింగ్ జీఫెంగ్ అనే వైద్యుడు తన ఇంటి విద్య అయిన 'ఒక వేలి' పద్ధతి నుంచి దీన్ని తయారుచేశారు. చిటికెన వేలి వైపు అరచేతి అంచు, చేతి వెనక భాగం ఒంటికి ఆనించి, ముంజేయి తిప్పుతూ, మణికట్టు వంచుతూ చాపుతూ, చపాతీ కర్రలా ముందుకీ వెనక్కీ దొర్లించాలి. నిమిషానికి 120 నుంచి 160 సార్లు. చూస్తే అయిదు నిమిషాల్లో వచ్చేస్తుందనిపిస్తుంది. అప్పటికే నాకు పదకొండేళ్ల ఫిజియో అనుభవం ఉంది, అయినా మొదటి రోజు రెండు నిమిషాలకే భుజం పట్టేసింది.

మా లావ్‌షీకి అరవై దాటాయి. అక్కడ గురువును అలాగే పిలుస్తారు. ఆవిడ నావైపు చూడను కూడా చూసేది కాదు, కిటికీ దగ్గర నిలబడి చప్పుడు వినేది. చెయ్యి సరిగా దొర్లితే బియ్యం లోపల మెల్లగా గరగరమంటాయి. వేలి కణుపులు తగిలితే టక్ టక్ మంటుంది. ఆ టక్ వినగానే "గూతౌ!" అనేది. ఎముక అని దానర్థం. దగ్గరికొచ్చి నా భుజం మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కేది. భుజం దిగితే మోచెయ్యి వేలాడుతుంది, మోచెయ్యి వేలాడితే మణికట్టు వదులవుతుంది. మణికట్టు వదులైతే తప్ప చెయ్యి దొర్లదు. ఈ గొలుసులో ఎక్కడ బిగిసిందో అద్దంలో చూసుకున్నా నాకు తెలియలేదు, ఆవిడ చేతికి తెలిసింది.

మూడో వారం చివర్లో ఆవిడే పడక మీద బోర్లా పడుకుని "నా వీపు మీద చెయ్" అంది. నా చేతులు చెమట పట్టేశాయి. అర నిమిషం కాకముందే "చొక్కా చూడు" అంది. చొక్కా ముడతలు పడి పైకి జరిగింది. అంటే నేను దొర్లించడం లేదు, రుద్దుతున్నాను. రుద్దితే చర్మం మండుతుంది, బలం లోపలికి దిగదు. మంచి చేతికి అయిదు గుణాలుండాలని అక్కడి పాఠం: నిలకడ, బలం, సమానత, మృదుత్వం, లోతుకు చేరడం. ఈ చివరిది మిగతా నాలుగూ కుదిరితేనే వస్తుంది. ఒక వేలి పద్ధతికి ఇంకో సూత్రం ఉంది: తోయడం వేగంగా, జరగడం నిదానంగా. బొటనవేలు నిమిషానికి నూట ఇరవైకి పైగా ఊగుతూనే ఉంటుంది, కానీ ఒక చోటి నుంచి పక్క చోటికి చీమ నడిచినట్టు జరగాలి.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, కోర్సులను పోల్చేటప్పుడు "ఎన్ని టెక్నిక్కులు నేర్పుతారు?" అనే అందరూ అడుగుతారు. ఇరవై టెక్నిక్కులు పైపైన చూపించే చోటుకన్నా, గున్‌ఫా ఒక్కటీ చెయ్యి తిరిగేదాకా దిద్దే చోటు మేలు.

చైనా వెళ్లి అయిదేళ్లు చదవడం

ఇంటర్ అయిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు దీని గురించి అడుగుతారు. షాంఘై, బీజింగ్, ఛెంగ్దూ, గ్వాంగ్‌జౌ, నాన్‌జింగ్ విశ్వవిద్యాలయాల చదువు నిజంగా గొప్పది. శరీర నిర్మాణం, ఆధునిక వైద్యం, మూలికలు, సూదులు, మర్దన, ఆసుపత్రి శిక్షణ అన్నీ ఉంటాయి. చైనీస్ మాధ్యమంలో చేరాలంటే మామూలుగా హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్షలో నాలుగో స్థాయి అడుగుతారు. అంటే భాషకే ఒక ఏడాది వేసుకోండి.

కానీ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఈ డిగ్రీతో ఇండియా వచ్చి డాక్టర్ బోర్డు పెట్టుకోలేరు. విదేశీ వైద్య డిగ్రీలవాళ్లు ఇక్కడ రాసే ఎఫ్‌ఎంజీఈ పరీక్ష ఎంబీబీఎస్‌కు సమానమైన చదువుకే, సంప్రదాయ చైనా వైద్యానికి కాదు. ఏజెంట్లు "చైనాలో మెడిసిన్" అని రెండిటినీ కలిపి చెబుతారు. అడ్మిషన్ లెటర్‌లో డిగ్రీ పేరు ఏముందో అక్షరం అక్షరం చదవండి. చైనాలోనే స్థిరపడాలని ఉన్నవాళ్లకు, ఈ డిగ్రీకి విలువున్న దేశంలో పని చేయాలనుకునేవాళ్లకు ఇది మంచి దారి. ఉదాహరణకు ఆస్ట్రేలియాలో 2012 నుంచి చైనా వైద్యులకు జాతీయ స్థాయి రిజిస్ట్రేషన్ ఉంది. తిరిగొచ్చి గుంటూరులోనో వరంగల్‌లోనో క్లినిక్ పెట్టాలనుకునే పిల్లాడికి మాత్రం నేను వద్దనే చెబుతాను.

కొన్ని నెలల ఆసుపత్రి శిక్షణ

ఇప్పటికే ఫిజియోథెరపీ, బీఏఎంఎస్ (ఆయుర్వేదం), బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా) లాంటివి చదివినవాళ్లకు నా ఓటు దీనికే. పెద్ద విశ్వవిద్యాలయాల అంతర్జాతీయ విభాగాలు విదేశీయులకు కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా కోర్సులు నడుపుతాయి. చదువు 180 రోజుల లోపు అయితే ఎక్స్2 వీసా, దాటితే ఎక్స్1. 2020 నుంచి ఆగిపోయిన ఇండియా, చైనాల మధ్య నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి కాబట్టి ప్రయాణం మునుపటికన్నా సులువు.

చేరే ముందు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగాల్సినవి ఉన్నాయి. క్లినిక్‌లో చూడటమేనా, చేయనిస్తారా? చేయనిస్తే ఒక టీచర్ కింద ఎంతమంది విద్యార్థులు? అనువాదకులు ఎవరు, పూట అంతా ఉంటారా? కొన్నిచోట్ల "క్లినికల్ ట్రైనింగ్" అంటే గోడ పక్కన నిలబడి నోట్సు రాసుకోవడమే. అది తప్పని అనను, వాళ్ల రోగుల భద్రత వాళ్లకు ముఖ్యం. కానీ మనం విమానం టికెట్ కొన్నాక ఆ సంగతి తెలిస్తే బాధగా ఉంటుంది. నాకు చేయనిచ్చింది కూడా లైసెన్సున్న డాక్టర్ పక్కనుండగానే, చివరి రెండు నెలల్లోనే.

చైనీస్ కొంచెమైనా రావాలి. నొప్పి, తిమ్మిరి, గట్టిగా, మెల్లగా, ఇక్కడ, అక్కడ, ఎప్పటి నుంచి. ఈ మాటలు వస్తే రోగి మొహం అర్థమవుతుంది. రాకపోతే మీ చేతి కింద మనిషి ఏమంటున్నారో మీకు ఎప్పుడూ రెండోసారే తెలుస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు

మన ఆడవాళ్లు చాలామంది ఇక్కడ పొరపాటు పడుతున్నారు. అక్కడ డబ్బు తీసుకుని మసాజ్ చేయాలంటే దాదాపు అన్ని రాష్ట్రాల్లో లైసెన్సు కావాలి. గంటలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. టెక్సాస్‌లో 500 గంటల శిక్షణ, న్యూయార్క్‌లో 1000 గంటలు. చాలా రాష్ట్రాల్లో ఎంబ్లెక్స్ అనే పరీక్ష పాసవ్వాలి. "మా త్వేనా కోర్సు 60 గంటలే, వెంటనే ప్రాక్టీస్ మొదలుపెట్టండి" అని ఎవరైనా చెబితే మీ రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్ తెరిచి చూసుకోండి. ముందు రాష్ట్రం ఆమోదించిన స్కూల్లో లైసెన్సుకి కావాల్సిన చదువు, ఆ తర్వాత త్వేనా. ఈ వరస తప్పితే రెండుసార్లు ఫీజు కట్టాల్సొస్తుంది. హెచ్4 వీసాలో ఉండి ఈఏడీ (పని అనుమతి) లేకపోతే లైసెన్సు వచ్చినా పని చేయకూడదని మర్చిపోకండి.

ఆ 500 గంటల్లో శరీర నిర్మాణం, ఎవరిని ముట్టుకోకూడదు, రోగితో హద్దులు ఎలా ఉండాలి అన్నవి బాగా నేర్పుతారు. మన దగ్గర దొరకనిది అదే. కాబట్టి ఆ గంటలను అడ్డంకిగా చూడొద్దని నా మాట.

ఇక్కడి వారాంతపు వర్క్‌షాపులు, వీడియోలు

మన దేశంలో త్వేనా ఎక్కువగా ఆక్యుపంక్చర్ నీడలో పెరిగింది. 1938లో డాక్టర్ కోట్నీస్‌తో పాటు చైనా వెళ్లిన భారత వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు, 1950ల చివర్లో మళ్లీ అక్కడికి వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాకు తెచ్చారు. 2003లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆక్యుపంక్చర్‌ను చికిత్సా పద్ధతిగా గుర్తించింది. త్వేనాకు విడిగా అలాంటి గుర్తింపు లేదు. కాబట్టి గోడకు తగిలించే సర్టిఫికెట్ మీద ఎన్ని బంగారు ముద్రలున్నా అది ఆ సంస్థ ఇచ్చిన కాగితమే.

నేను వెళ్లిన వర్క్‌షాప్ ఒక హోటల్ హాల్లో జరిగింది. నలభై మందిమి. మొదటి రోజు పొద్దున టీ ఇచ్చే బల్ల మీదే మా పేర్లు ముద్రించిన సర్టిఫికెట్లు ఒక కట్టగా పెట్టి ఉన్నాయి. అది చూసే నేను వెనక్కి వచ్చేయాల్సింది. రెండు రోజులూ స్టేజీ మీద ఒకాయన ఒక వాలంటీరుకు చేసి చూపించారు, మేం ఫోన్లలో వీడియో తీసుకున్నాం. నా చేతిని ఒక్కరు కూడా ముట్టుకుని సరిచేయలేదు. మెడ విరిచి టక్కుమనిపించడం కూడా ఆ నలభై మందికీ చూపించారు. వాళ్లలో కొందరు ఇంటికెళ్లి ఎవరి మెడ మీద ప్రయత్నించారో అని నాకిప్పటికీ భయం వేస్తుంది.

అన్ని వర్క్‌షాపులూ అలాంటివే అనను. పదిమంది లోపు విద్యార్థులు, రోగులను చూసే అనుభవమున్న టీచర్, వారం వారం మళ్లీ వచ్చి చూపించుకునే అవకాశం ఉంటే ఇంటి దగ్గరే చాలా నేర్చుకోవచ్చు. ఇంట్లోవాళ్ల కోసం నేర్చుకునేవాళ్లకు అది చాలు.

వీడియోలు కండరాల పేర్లు, పాయింట్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి. నేనూ రోజూ చూసేదాన్ని. చేతికి మాత్రం వీడియో ఏమీ చెప్పదు.

పసిపిల్లల త్వేనా ఇంకో దారి. అరచేతిలో, నుదుటి మీద, వెన్ను పక్కన మెత్తగా చేసే పద్ధతులు. కనుబొమల మధ్య నుంచి జుట్టు మొదలు దాకా బొటనవేళ్లతో తోయడం, వెన్ను వెంట చర్మాన్ని చిటికెలా పట్టి కింది నుంచి పైకి దొర్లించడం లాంటివి. చైనాలో తల్లులే నేర్చుకుని ఇంట్లో చేస్తారు. కాళ్లు చాపుకుని, పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి నలుగు పెట్టి నీళ్లు పోసే అమ్మమ్మల చేతులున్న మనకు ఇది పరాయిదనిపించదు. బిడ్డకు జ్వరం వస్తే, పాలు తాగకపోతే, నీరసపడితే మాత్రం మర్దన పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

త్వేనాయే కావాలా?

కొందరికి నేను వేరే విద్య చెబుతాను. రెండు వారాల సెలవు మాత్రమే ఉండి, ఒక పద్ధతి ప్రకారం ఒంటికంతటికీ మర్దన నేర్చుకోవాలనుకుంటే బ్యాంకాక్ మేలు. అక్కడి వాట్ ఫో ఆలయ పాఠశాల 1955 నుంచి నడుస్తోంది. మొదటి మెట్టు కోర్సు 30 గంటలు, అయిదు రోజులు. థాయ్ మర్దన నువాడ్ థాయ్‌ను 2019లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. బుద్ధుడికి వైద్యం చేసిన జీవకుణ్ని అక్కడివాళ్లు ఆదిగురువుగా తలచుకుని పాఠం మొదలుపెడతారు. సాగదీయడాలు ఎక్కువ, వరస ఖాయం, కాబట్టి కొత్తవాళ్లకు త్వరగా పట్టుబడుతుంది. త్వేనాలో రోగిని బట్టి వరస మారిపోతుంది, అందుకే ఆలస్యం.

జపాన్ షియాత్సు వేళ్లతో నొక్కడం. అక్కడ దాన్ని వృత్తిగా చేయాలంటే మూడేళ్ల చదువు, జాతీయ పరీక్ష. క్రమశిక్షణ ఇష్టమున్నవాళ్లకు మంచిది, భాష అడ్డు.

మన దగ్గరే ఉద్యోగం కావాలంటే కేరళ వైపు చూడండి. త్రిస్సూర్ జిల్లా చెరుతురుత్తిలో కేంద్ర ప్రభుత్వ పంచకర్మ పరిశోధన సంస్థ ఉంది, అక్కడ పంచకర్మ టెక్నీషియన్ కోర్సు ఏడాది. ఆయుర్వేద ఆసుపత్రులకు, రిసార్టులకు ఇలాంటి శిక్షణ ఉన్నవాళ్లు కావాలి. త్వేనా తెలుసని చెబితే అదేమిటని అడిగే ఊళ్లలో, అభ్యంగనం తెలుసంటే పని దొరుకుతుంది. ఇంకా కెరీర్ ఎంచుకోని పిల్లలైతే ఫిజియోథెరపీ చదివి, తర్వాత త్వేనా నేర్చుకోండి. ఫిజియోథెరపిస్టులకు 2021 చట్టం కింద జాతీయ కమిషన్ ఉంది. ఆ పునాది మీద ఏ మర్దన విద్య అయినా నిలబడుతుంది.

ఎవరిని ముట్టుకోకూడదో నేర్పని చోట చేరొద్దు

మా వీధిలో ఉండే పిన్నిగారు డల్లాస్‌లో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చారు. వచ్చిన మూడో రోజు మా ఇంటికొచ్చి సోఫాలో కూర్చుని, "పిక్క లాగేస్తోందమ్మా, నీ చైనా మర్దన ఒక్కసారి చెయ్యవే" అన్నారు. నేను చీర అంచు కాస్త పైకి జరిపి రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమ పిక్క కుడిదానికన్నా లావుగా ఉంది. చెయ్యి వెనక వైపు ఆనిస్తే వేడిగా తగిలింది. నొక్కలేదు. "పిన్నిగారూ, దీనికి మర్దన వద్దు, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్దాం" అన్నాను. "ఇంతదానికేనా?" అని నొచ్చుకున్నారు. స్కాన్‌లో కాలి సిరలో రక్తం గడ్డ కనిపించింది. ఆ పిక్కను నేను గట్టిగా పిసికి ఉంటే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది.

ఇరవై గంటలు విమానంలో కూర్చుని వచ్చే అమ్మానాన్నలు మన ఇళ్లలో ఎంతమందో. అందుకే కోర్సు సిలబస్ తెప్పించుకుని ఈ పాఠం ఉందో లేదో చూడండి. ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, కేన్సర్ ఎముకలకు పాకినవాళ్లు, జ్వరం ఉన్నవాళ్లు, గర్భిణులు, చర్మం మీద పుండ్లున్నవాళ్లు. వీళ్లలో ఒక్కొక్కరి విషయంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో విడివిడిగా చెప్పాలి. నడుమునొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరి ఉంటే, మూత్రం మీద అదుపు తప్పితే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పంపాలి. మెడను ఝటకా ఇచ్చి తిప్పడం మెదడుకు వెళ్లే రక్తనాళాన్ని చీల్చి పక్షవాతం తెచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. నేను అది నేర్చుకున్నాను, కానీ నా క్లినిక్‌లో చేయను. ఇంట్లోవాళ్ల కోసం నేర్చుకునేవాళ్లు అసలు దాని జోలికే వెళ్లొద్దు.

తేల్చుకోలేనివాళ్లకు

ఇన్ని చదివాక కూడా ఎటు వెళ్లాలో తెలియకపోతే ఎవరికీ డబ్బు కట్టకండి, ముందు ఒక సంచి కుట్టుకోండి. నాకు మా అమ్మ పాత దుప్పటి రెండు పొరలుగా మడిచి కుట్టి ఇచ్చింది. జానెడు పొడవు, రెండు బెత్తెల వెడల్పు, నిండా బియ్యం. మొదట్లో మూతి బిగించి కట్టండి, సంచి గట్టిగా ఉంటే చెయ్యి దారిలో పడుతుంది. నెల తర్వాత తాడు కొంచెం వదులు చేయండి, అప్పుడది మనిషి కండలాగా తగులుతుంది. బల్ల మీద పెట్టి, కాళ్లు భుజాల వెడల్పున ఎడంగా పెట్టి నిలబడి, కుడి చేతికి పది నిమిషాలు, ఎడమ చేతికి పది నిమిషాలు. భుజం పైకి లేస్తోందేమో ఇంట్లో ఎవర్నైనా చూడమనండి. చప్పుడు వినండి.

మూడు నెలలు రోజూ చేశాక సంచి విప్పితే, బియ్యంలో కొన్ని నూకలై ఉంటాయి. అప్పటికీ రోజూ ఆ సంచి దగ్గరికి వెళ్లాలనిపిస్తుంటే ఫోన్ చేసి సీటు అడగండి. మీరు ఎవరికి చేయాలనుకుంటున్నారో, ఏ ఊళ్లో ఉండాలనుకుంటున్నారో చెబితే, పైన రాసినవాటిలో ఏదో ఒకటే మీకు సరిపోతుంది.